ఇంట్లో ఒంటరిగా ప్రార్థన ఎలా చేయాలి?

మా కడప వైపు క్రైస్తవుల ఇంటికి ఎవరు వెళ్లినా, లేచి వచ్చే ముందు "ఒక ప్రార్థన చేసి వెళ్లండి" అంటారు. బయటివాళ్లు చేస్తే మంచిదని, పాస్టరు గారు చేస్తే ఇంకా మంచిదని ఒక నమ్మకం. మరోవైపు కూడికల్లో గంటసేపు గొంతెత్తి ప్రార్థించేవాళ్లున్నారు. అదే మనిషిని ఒంటరిగా కూర్చోబెడితే అయిదు నిమిషాలకే మాటలు అయిపోతాయి. వినేవాళ్లు లేకపోతే ఆ ప్రార్థన నడవదు. కాబట్టి ముందు ఒంటరిగా చేయడం నేర్చుకోండి, నలుగురిలో చేసేది దానంతటదే వస్తుంది.

కావలసినవి: ఒక చాప, ఒక బైబిలు, మూసుకునే తలుపు. గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసే చెప్పాడు. ఒకటే గది ఉన్న ఇల్లయితే మిద్దె ఎక్కండి. ఫోనులో బైబిలు వద్దు, కీర్తన తెరవబోయి వాట్సాప్ తెరుస్తారు. కీబోర్డు, మైకు సంగతి ఎత్తనే వద్దు.

సమయం తెల్లవారుజామే. ఇంకా చాలా చీకటి ఉండగానే యేసు లేచి వెళ్లి ప్రార్థించాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. రాత్రి చేసుకుంటే కాదా అని అడుగుతారు. బైబిల్లోని దానియేలు ప్రవక్త రోజుకు మూడుసార్లు చేశాడు, మీరూ చేసుకోండి. కానీ తెల్లవారుజామున ఒకటి ఉండాల్సిందే. మే నెలలో మన ఎండలకు పొద్దెక్కాక మనసు నిలవడం కల్ల. మోకాళ్ల మీద చేయాలి. నొప్పులుంటే కుర్చీ వేసుకోండి, తప్పు లేదు. కడప బండల మీద నేరుగా మోకరించి పది నిమిషాలకే లేచిపోయేవాళ్ల కోసమే చాప చెప్పింది.

మొదట కాసేపు ఏమీ మాట్లాడకండి. తర్వాత బైబిల్లోని కీర్తనల గ్రంథంలోంచి ఒక కీర్తన పైకి చదవండి. ఆ తర్వాత నిన్నటి రోజులోంచి మూడు మేలులు ఏరి కృతజ్ఞత చెప్పండి. "నా జీవితంలో చేసిన మేలులన్నిటికీ స్తోత్రం" అని మూటగట్టి చెప్పడం కుదరదు. పాపకు జ్వరం దిగిందా, అది చెప్పండి. బోరులో నీళ్లు పడ్డాయా, అది చెప్పండి. ఇంతవరకూ ఎవరైనా చేయగలరు.

చెడేదంతా ఇక్కడినుంచే. అడగడం దగ్గర.

ఎలా చెడగొడతారో చూడండి. "సర్వోన్నతుడా, సర్వశక్తిమంతుడా, మహాఘనుడా" అని పది నిమిషాలు పిలుస్తారు. చివర "మా అవసరతలన్నీ నీకు తెలుసు తండ్రీ" అని ఆమేన్ చెప్పేస్తారు. నగలు కుదువపెట్టడానికి బ్యాంకుకు వెళ్లినవాడు మేనేజరును అరగంట పొగిడి, "నా అవసరం మీకు తెలుసు కదా సార్" అని నగల మూటతోనే ఇంటికి తిరిగొచ్చినట్టుంటుంది. దేవుడికి ముందే తెలుసని వాక్యంలోనే ఉంది కదా అంటారు. ఉంది, మత్తయి 6:8. కానీ ఆ మాట చెప్పిన వెంటనే యేసు నేర్పించింది "పరలోకమందున్న మా తండ్రీ" అనే ప్రార్థన. అందులో ఏ రోజుకు ఆ రోజు ఆహారం నోరు తెరిచి అడగమన్నాడు. తెలిసినా అడగాలి, పేరు పెట్టి అడగాలి.

పేరు పెట్టడమంటే ఏమిటో ఒక ఉదాహరణ. అనంతపురం వైపు వేరుశనగ వేసిన రైతు ఒకరు ప్రార్థిస్తున్నారనుకోండి. "ప్రభువా, మా పొలములను ఆశీర్వదించుము, సకాలములో వర్షములు దయచేయుము" అంటే అది ఎవరైనా చేయగల ప్రార్థన, ఎవరిదీ కాని ప్రార్థన. ఆయన చేయాల్సింది ఇలా ఉంటుంది: "తండ్రీ, ఊడలు దిగే సమయం. పదిహేను రోజులుగా చినుకు లేదు. విత్తనాలకు మా బావ దగ్గర అప్పు తెచ్చాను. పంట పోతే ఆయన ముందు తలెత్తుకోలేను. నాకు భయంగా ఉంది." మొదటి మాట పంట గురించి. చివరి మాట తన గురించి. ఆ చివరి మాట బయటికి వచ్చేదాకా లేవకూడదు. అది ఊరికే రాదు. ఏది అడిగినా "ఇది నాకెందుకు కావాలి?" అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకుని, ఆ జవాబు కూడా దేవుడికి చెప్పండి. రెండోసారి ప్రశ్నించుకుంటే ఇంకా లోపలిది వస్తుంది. మీకే నచ్చనిది వచ్చిందంటే సరైన చోటికి చేరారన్నమాట.

దీనికంటే ప్రమాదమైనది పక్కవాళ్ల గురించి అడగడం. "నా కోడలి మనసు మార్చు ప్రభువా" అనే ప్రార్థన నేను వినని కూడిక లేదు. అది కోడలి మీద ఫిర్యాదు. లూకా సువార్త 18వ అధ్యాయంలో పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని పట్టుగా పాటించే యూదుడి) ప్రార్థన చదివి చూడండి. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానన్నాడు, పదోవంతు ఇస్తున్నానన్నాడు. అవి అబద్ధాలని యేసు అనలేదు. అయినా ఆ ప్రార్థన పనికిరాకుండా పోయింది, ఎందుకంటే దూరంగా నిలబడ్డ సుంకరిని, అంటే పన్నులు వసూలు చేసేవాడిని, ఆ పరిసయ్యుడు తన ప్రార్థనలోకి లాక్కొచ్చాడు. ఆ సుంకరి "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్న ఒక్క మాటతో నీతిమంతుడిగా ఇంటికి వెళ్లాడు. కోడలి కోసం ప్రార్థించాలంటే ముందు ఆమె పట్ల మీరు చేసినది ఒకటైనా ఒప్పుకోండి. ఏదీ గుర్తుకు రాలేదంటే ఆ రోజుకు ఆమె పేరు ఎత్తకండి. గట్టు తగాదాలు, ఆస్తి పంపకాలు ఉన్నవాళ్లకైతే మత్తయి 5:23 ఇంకా కఠినంగా చెబుతుంది: అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడి రమ్మంటుంది. చాపను అక్కడే వదిలి అవతలి ఇంటికి వెళ్లాల్సిన ఉదయాలు కూడా ఉంటాయి.

కోపం వస్తే దాచకండి. దేవుడి మీద సణిగితే అవిశ్వాసమని భయపెట్టేవాళ్లున్నారు. 13వ కీర్తన మొదలయ్యేదే ఎంతకాలం నన్ను మరచిపోతావన్న నిలదీతతో. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో ఓదార్పు వాక్యం ఒక్కటీ లేదు. అవి కూడా బైబిల్లో ఉన్న ప్రార్థనలే. అలాగని గొంతు పెంచనక్కర్లేదు, కన్నీళ్లు తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. బైబిల్లో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా ఏడ్చింది నిజమే, కానీ ఆమె పెదవులు కదిలాయే తప్ప శబ్దం వినిపించలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఈ రోజుల్లో శబ్దం వినిపించకపోతే పరిశుద్ధాత్మ లేదంటున్నారు!

ఇక అందరూ దాక్కునే చోటు ఒకటుంది: "నీ చిత్తమే జరగనీ." సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ముందు ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, నా నుంచి తొలగించమని అడిగాడు, ఆ తర్వాతే నీ చిత్తప్రకారం కానిమ్మన్నాడు. ఆ వరుస మార్చకూడదు. మనవాళ్లు మొదటి సగం ఎగ్గొట్టి రెండో సగం మాత్రం భక్తిగా అంటారు. అడిగితే జరగదేమోనన్న భయాన్ని వినయం కింద చెలామణి చేయడమే ఇది.

పుస్తకం చూసి చేసే ప్రార్థన మంచిదా, నోటికి వచ్చినట్టు చేసేది మంచిదా అనే వాదన మా ప్రాంతంలో పాతదే. లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లో పని మొదలుపెట్టింది. ఆ సంఘాల్లో అప్పటికప్పుడు సొంత మాటలతో ప్రార్థించే అలవాటు. నంద్యాల వైపు ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘాలది ప్రార్థన పుస్తకం పద్ధతి.  నన్నడిగితే రెండూ ఒకేలా చెడతాయి. సొంత మాటలని మురిసిపోయేవాళ్ల ప్రార్థన నెల రోజులు వింటే అదీ కంఠస్థమేనని తెలిసిపోతుంది. మాటలు అందని రోజున పుస్తకంలోది చదువుకోండి, కానీ మీ అవసరం దగ్గర ఆగి మీ ఇంటి భాషలో చెప్పండి. తల్లితో మాట్లాడే భాష చాలు, గ్రాంథికం అక్కర్లేదు.

అడగడం అయ్యాక కొంచెంసేపు ఊరికే ఉండి, ఆమేన్ చెప్పి లేవండి. నిద్ర వస్తే నిలబడి చేయండి. ఎంతసేపు అని లెక్క పెట్టుకోకండి. ప్రభువు నేర్పిన ప్రార్థన మొత్తం నిమిషంలో అయిపోతుంది. నీళ్లలో మునిగిపోతున్న శిష్యుడు పేతురుకు "ప్రభువా, నన్ను రక్షించుము" అనడానికే సమయం దొరికింది. అడిగింది జరగకపోతే మరుసటి రోజు అదే మాట అడగండి, కొత్త అలంకారాలు వెతకకండి. అపొస్తలుడైన పౌలు తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తీసేయమని మూడుసార్లు అడిగాడు. అది పోలేదు, కానీ నా కృప నీకు చాలునన్న జవాబు వచ్చింది.

చివరిది. ఎవరైనా ఫోను చేసి "మా ఆయనకు ఆపరేషన్, ప్రార్థన చేయండి వదినా" అంటే "తప్పకుండా చేస్తామమ్మా" అని పెట్టేయకండి, సాయంత్రానికి మరచిపోతారు. ఏ రోజు, ఏ ఆసుపత్రి, ఏ ఆపరేషన్ అని అడిగి, ఆమె ఫోనులో ఉండగానే ఆయన పేరు చెప్పి రెండు మాటలు ప్రార్థించండి. ఆ విషయాన్ని ఆదివారం కూడికలో "ప్రార్థన మనవి" పేరుతో ఊరంతా చాటకండి, ఆమె అడిగింది మిమ్మల్ని.