వానల్లో చేతికొచ్చే పెరటి పంటను వేసవి దాకా ఎలా నిలవ చేయాలి?

దీపావళి దాటితే చిత్తూరు పల్లెల్లో పెరటి పనులన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. వేరుశనగ పీకాలి, గుమ్మడికాయలు దింపాలి, అనప (చిక్కుడు జాతి పప్పు మొక్క) తీగలను కనిపెట్టుకుని ఉండాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండం పుడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన తప్పదు. చలిదేశాల్లో అయితే పంటకు చలే సగం కాపలా కాస్తుంది. నేలమాళిగలో ఉంచిన దుంపలు నెలల తరబడి చెడవు. మన దగ్గర సంక్రాంతి చలి నాలుగు వారాలు నిలిస్తే ఎక్కువ. అందుకే మన ఇళ్లలో నిలవ చేయడమంటే గింజలోని తడిని వెళ్లగొట్టి, పురుగుకు దారి మూయడమే. ఎండలో చేయాల్సిన పని తప్పితే, ఎంత మంచి డబ్బా అయినా దాన్ని సరిదిద్దలేదు.

మొదట వేరుశనగ, ఎందుకంటే తొందరంతా దానితోనే. ఆకు పసుపుబారాక రెండు మూడు మొక్కలు పీకి కాయ ఒలిచి చూడండి. తొక్క లోపలి వైపు నల్లబడితే కాయ ముదిరినట్లు. ఎక్కువ కాయలు అలా కనిపించిన రోజే పీకండి. మొక్కలను కాయలు పైకి ఉండేలా తిరగేసి, రెండు మూడు రోజులు ఆరాక కాయలు కోసి పలుచగా పరచండి. మబ్బు పట్టిందని పట్ట కింద కుప్ప పోయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరద నీట మునిగిన రోజుల్లో మేము ఆ తప్పే చేశాం. మూడో నాడు కుప్పలో చెయ్యి పెడితే పొయ్యి పక్కన పెట్టినంత వేడి. తీసి చూస్తే కాయలకు ఆకుపచ్చని బూజు. ఆ బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గింజలు వేయించినా పూర్తిగా పోదు. పశువుకు పెడితే పాలలోకీ వస్తుంది. రెండు బస్తాలూ పారబోయక తప్పలేదు. ఎండ లేకపోతే వసారాలో, గదిలో, ఎక్కడ చోటుంటే అక్కడ పలుచగా పరిచి, ఫ్యాను వేసి, రెండు గంటలకొకసారి కలియదిప్పండి. ఊపినప్పుడు కాయ గలగలమనాలి, గింజను వేళ్ల మధ్య నలిపితే పైపొర ఊడాలి. కాయలుగానే దాచండి, వంటకు కావలసినప్పుడు ఒలుచుకోవచ్చు.

అనప గింజల మీద నాకు ప్రేమ ఎక్కువ. ధనుర్మాసంలో రాగిసంగటి, పితికిపప్పు (తొక్క పితికి తీసిన పచ్చి అనప గింజల) పులుసు లేని ఇల్లు మా వైపు అరుదు. ఆ రుచికి ఆశపడి కాయలన్నీ పచ్చిగానే కోసేస్తే ఏడాదికి పప్పు మిగలదు. ముందుగానే కొన్ని తీగలకు గుడ్డపీలిక కట్టి, వాటి జోలికి పోవద్దని ఇంట్లో అందరికీ చెప్పండి. కాయ ఎండి చప్పుడు చేయగానే, ఉదయపు మంచు ఆరాక కోయండి. ఎండిన కాయను తీగ మీద ఎక్కువ రోజులు ఉంచితే నష్టమే. పుచ్చు పురుగు డబ్బాలో పుట్టిందని అనుకుంటాం గానీ, చాలాసార్లు అది పెరట్లోనే కాయ మీద గుడ్లు పెట్టి గింజతో పాటు ఇంట్లోకి వస్తుంది.

ఒలిచిన గింజలను మిద్దె మీద నాలుగైదు ఎండలు ఎండనివ్వండి. పంటి కింద టక్కున విరగాలి, పన్ను దిగబడితే ఇంకా తడి ఉన్నట్లే. అనుమానముంటే పొడి సీసాలో గుప్పెడు గింజలు, కొంచెం పొడి ఉప్పు వేసి పది నిమిషాలు అప్పుడప్పుడూ కుదపండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే గింజలో తడి 15 శాతం దాటిందని అర్థం, మళ్లీ ఎండకు వేయండి. ఎండిన గింజను వేడిగా డబ్బాలో పోయకూడదు. రాత్రికి చల్లారాక పోయండి, లేకపోతే మూత కింద చెమట పడుతుంది.

వంటకు వాడేదాన్ని వీలైనంత వరకు పప్పుగా విసరండి. పుచ్చు పురుగు గుడ్లు పెట్టేది సాధారణంగా పొట్టున్న గింజ మీదే కనుక పప్పుకు బెడద తక్కువ. గింజలుగానే ఉంచాలంటే కిలోకు ఒక చిన్న చెంచాడు ఆముదం పట్టించండి, వండేముందు కడిగితే చాలు. కొందరు ఎర్రమట్టి నీళ్లు పట్టించి మళ్లీ ఎండబెడతారు. మంచి పద్ధతే, కానీ మబ్బు రోజుల్లో ఎండిన గింజను మళ్లీ తడపడానికి నాకు మనసొప్పదు. విత్తనానికి మాత్రం మా అవ్వ దారే నాది. జల్లించిన కట్టెల బూడిదలో గింజలు కలిపి, కుండలో పోసి, పైన వేలెడు మందాన బూడిద పరిచి, మూత చుట్టూ మట్టితో మెత్తుతాను. గింజల సందుల్లో బూడిద నిండితే పురుగు కదలలేదు.

గుమ్మడికాయ తొడిమ ఎండి, తొక్కలో గోరు దిగకపోతే కోతకు వచ్చినట్లు. మూడు వేళ్ల తొడిమ ఉంచి కోయండి. తొడిమ పట్టుకుని ఎత్తవద్దు, అది ఊడిన చోటే కుళ్లు మొదలవుతుంది. పది రోజులు గాలి తగిలే చోట ఆరనిచ్చి, గడ్డి మీద ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. బూడిద గుమ్మడి మీది తెల్లని పొడిని తుడవవద్దు, కాయకు అదే రక్ష. రాగులకు ఇంత శ్రమ లేదు, బాగా ఎండితే ఏళ్ల తరబడి ఉంటాయి.

బస్తాలను నేల మీద కాక చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. ప్రతి అమావాస్యకూ మూతలు తీసి చూడండి. గింజకు గుండ్రటి చిల్లు కనిపిస్తే ఆ డబ్బాను వెంటనే వేరు చేసి, గింజలను జల్లించి, ఎండలో పోయండి. విత్తనపు కుండను మాత్రం కదపవద్దు, జూన్‌లో తొలకరి పడ్డాకే దాని మూత తీయాలి.