పద్యం చదవగానే తాత్పర్యం వెతక్కండి

మన బెజవాడ, గుంటూరు కాలేజీల్లో చదివిన చాలామందికి పద్యమంటే ప్రతిపదార్థం, తాత్పర్యం, మార్కులు, అంతే. గైడులో ఉన్నది బట్టీపట్టి పరీక్షలో రాసేస్తాం. ఆ పద్యం గురించి నీకేమనిపించిందని ఎవరూ అడగరు. అందుకే ఇప్పుడు మళ్లీ, మీకోసం చదవండి.

బెజవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఏదో ఒక కవిత్వం పుస్తకం తీసుకోండి. ముందుమాట ఇప్పుడే చదవొద్దు, ఎవరో పెద్దాయన చెప్పిన అభిప్రాయం బుర్రలో పడితే ఇక మనకు అదే కనిపిస్తుంది. పైకి చదవండి. ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి.

వినుకొండలో పుట్టిన కవి జాషువా 1941లో తెచ్చిన 'గబ్బిలం' కావ్యం చూడండి. గుడిలోకి అడుగు పెట్టనివ్వని ఒక దళితుడు గబ్బిలంతో శివుడికి కబురు పంపుతాడు. గుడిలో వేలాడుతుంటావు కాబట్టి శివుడి చెవి నీకు దగ్గర, పూజారి లేనప్పుడు నా కథ చెప్పు అంటాడు. ఇక్కడ ఆగండి. పూజారి లేనప్పుడే ఎందుకు? గబ్బిలానికి లేని అడ్డు మనిషికి ఎవరు పెట్టారు? 'మేఘసందేశం'లో కాళిదాసు కబురుకి మేఘాన్ని పంపితే ఈయన, ఇంట్లోకి వస్తే కీడని జనం తరిమేసే గబ్బిలాన్ని ఎందుకు ఎంచుకున్నాడు? ఇది అన్యాయం అని కవి అక్కడే తేల్చి చెప్పేస్తే, అవును కదా అని పేజీ తిప్పేసేవాళ్లం. పూజారి లేనివేళ అన్న ఆ ఒక్క మాట అని ఊరుకున్నాడు కాబట్టే లెక్క మనం తేల్చుకోవాల్సి వస్తోంది, నాకు ఆయన గొప్పతనం అక్కడే కనిపిస్తుంది.

మీకొచ్చిన ప్రశ్నను జవాబు లేకుండానే మార్జిన్‌లో రాసిపెట్టుకుని, ఇంట్లో అమ్మకో తాతయ్యకో అదే పద్యం వినిపించండి. వాళ్లు వేరేగా చెబితే వాదనకు దిగకుండా, ఏ మాట విని అలా అనిపించిందని అడగండి. మిమ్మల్ని మీరూ అదే ప్రశ్నించుకోండి. పద్యంలో ఒక్క మాటైనా చూపించలేకపోతే ఆ అభిప్రాయం పక్కన పెట్టాల్సిందే.

కవి మాటను కాదనడానికీ భయపడొద్దు. సుమతీ శతకంలో ఆడవాళ్లను తక్కువ చేసే పద్యాలున్నాయి, నీతి పద్యాలు కదా అని మింగేయక్కర్లేదు, ఎందుకు ఒప్పుకోవడం లేదో రెండు వాక్యాలు రాయండి.

ఇవన్నీ అయ్యాక ముందుమాట, వ్యాఖ్యానం తెరవండి. మీ గీతలతో పోల్చి చూసుకుని, వాళ్ల మాట సబబనిపిస్తే మీది మార్చుకోండి, లేకపోతే ఉంచుకోండి.