చంటిబిడ్డ ముక్కులో ఆ రెండు చుక్కలు వేయకండి

చలి ముదరకముందే ఇది రాయాలి అనుకున్నాను. నవజాత శిశువుల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేస్తున్నాను. కార్తీకం నుంచి సంక్రాంతి దాటేదాకా ఊపిరాడక వచ్చే పిల్లలు మాకు ఎక్కువ. కిందటి వారం వచ్చిన పాపకు 35 రోజులు. తొలి కాన్పు. నెలలు నిండి, మంచి బరువుతో పుట్టి, చక్కగా పాలు తాగుతున్న పిల్ల. వచ్చేసరికి డొక్కలు ఎగరేస్తోంది, పెదాలు నల్లబడుతున్నాయి. ఆక్సిజన్ పెట్టడానికి టోపీ పక్కకు జరుపుతుంటే ముక్కు అంచున జిడ్డు తగిలింది నా వేలికి.

"ముక్కులో గానీ నోట్లో గానీ ఏమైనా వేశారా అమ్మా?" అని అడిగాను. పాప తల్లి తల వంచుకుంది. అమ్మమ్మ "ఏమీ వెయ్యలేదమ్మా, తల్లిపాలే" అంది. యాంటీబయాటిక్స్ మొదలయ్యాయి. రెండు రోజులైనా ఊపిరి నెమ్మదించలేదు. మూడో రోజు రాత్రి ఆ పెద్దావిడ వార్డు బయట కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతూ నన్ను పిలిచింది. "రెండే చుక్కలు తల్లీ. జలుబు పట్టి గురగుర అంటుంటే ఆముదం వెచ్చచేసి వేశాను. నా నలుగురు పిల్లలకూ వేశాను" అని ఏడ్చింది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. ఆ పాప కోసం మూడు రాత్రులు కుర్చీలోనే కూర్చున్న మనిషి ఆవిడే. పాప ఇప్పుడు కోలుకుంటోంది. అందరూ కోలుకోరు.

చేతులు కడుక్కోవడం, టీకాలు వేయించడం, బిడ్డను వెచ్చగా ఉంచడం గురించి మీకు అందరూ చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు, టీకా చుక్కలు, డాక్టరు మీ బిడ్డకే రాసిన మందు తప్ప నోట్లోకి గానీ, ముక్కులోకి గానీ, చెవిలోకి గానీ ఏదీ వెళ్లకూడదు. పాలు చాలకపోతే పోతపాలు కూడా డాక్టరు చెప్పాకే.

నూనె లోపల ఏం చేస్తుంది

నీళ్లు పొరపాటున గాలిగొట్టంలోకి వెళితే మనకు పొలమారుతుంది, దగ్గు వచ్చి బయటికి నెట్టేస్తుంది. నూనె అలా కాదు. మెత్తగా జారిపోతుంది. దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగిపోవచ్చు. ఊపిరితిత్తుల దారిలో దుమ్మునీ కఫాన్నీ పైకి ఊడ్చే సన్నని నూగు ఉంటుంది. నూనె పడితే ఆ నూగు పని చేయదు. పడిన నూనెను శరీరం కరిగించుకోలేదు, దాని చుట్టూ వాపు వస్తుంది. దీన్ని లిపాయిడ్ న్యుమోనియా అంటారు. ఎక్స్‌రేలో మామూలు న్యుమోనియాలాగే కనిపించవచ్చు. క్రిములు చేసిన పని కాదు కాబట్టి యాంటీబయాటిక్స్‌తో ఆ వాపు తగ్గదు. అందుకే "ఏమైనా వేశారా" అని మేం ఒకటికి పదిసార్లు అడుగుతాం. నిజం చెప్పిన రోజు నుంచే సరైన వైద్యం మొదలవుతుంది.

"వేశాక గురగుర తగ్గింది కదా" అంటారు. చంటిపిల్లల ముక్కు దారి చాలా సన్నం, వాళ్లు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. కొంచెం చీమిడి ఉన్నా చప్పుడు వస్తుంది. రోజుకు పదిసార్లు తుమ్ముతారు కూడా. తుమ్ముతోనే ముక్కు శుభ్రం చేసుకుంటారు. పాలు తాగుతూ, హాయిగా నిద్రపోతున్న బిడ్డ గురగురమంటే ఏమీ చేయనక్కర్లేదు. ముక్కు దిబ్బడ వేసి రొమ్ము వదిలేస్తుంటే డాక్టరుకు చూపించండి. ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్ డ్రాప్స్ రాస్తారు. నూనె వేయకండి. కొబ్బరినూనె అయినా, నెయ్యి అయినా, గానుగ నూనె అయినా నూనే.

"మా పిల్లలందరికీ వేశాం, ఏమైంది?" అనే మాట ప్రతి ఇంట్లో వింటాను. చాలామందికి ఏమీ కాలేదు, నిజమే. అయినవాళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. అప్పట్లో నెలలోపు బిడ్డ ఎగశ్వాస పెట్టి పోతే బాలారిష్టం అన్నారు, ఆముదం అనలేదు.

ఉగ్గుగిన్నెలోకి వెళ్లేవన్నీ

కడుపు శుభ్రపడాలని పాలల్లో ఆముదం కలిపి పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. బిడ్డ ఏడుస్తూ ఉంటే ఉగ్గుగిన్నె మూతి నోటికి ఆనించి పోస్తారు. ఏడ్చే బిడ్డ ప్రతి ఏడుపు మధ్యలోనూ గాలి లోపలికి లాగుతుంది. గిన్నెలోది ఎటు వెళ్తుందో ఆలోచించండి. తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు ఏడెనిమిది సార్లు విరేచనం చేసినా, నెల దాటాక నాలుగైదు రోజులు చేయకపోయినా, మెత్తగా వస్తూ, పాలు బాగా తాగుతుంటే అది జబ్బు కాదు. ఆముదం అక్కర్లేదు.

తేనె నాకించడం చాలా ఇళ్లలో ముచ్చట. ఏడాది నిండేదాకా వద్దు. బాటులిజం అనే జబ్బు తెచ్చే క్రిమి బీజాలు తేనెలో ఉండవచ్చు. పెద్దవాళ్ల పేగులో అవి పెరగలేవు, ఏడాదిలోపు పిల్లల పేగులో పెరిగి విషం తయారు చేస్తాయి. ఆ విషంతో కండరాలు చచ్చుబడతాయి. కాచినా ఆ బీజాలు చావవు.

వస. బాగా మాట్లాడే పిల్లల్ని చూసి వస పోశారా అని అడగడం మనకు అలవాటు. సానరాయి మీద వసకొమ్ము అరగదీసి పాలల్లో కలిపి ఇస్తారు. వస తాగించాక వాంతులు పట్టుకుని వచ్చిన పిల్లల్ని నేను చూశాను. మాటలు మీరు బిడ్డతో మాట్లాడితే వస్తాయి.

గ్రైప్ వాటర్ అక్కర్లేదు. మంచినీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలలో నూటికి 87 వంతులకు పైగా నీళ్లే. రోహిణి కార్తె ఎండల్లోనూ అవే చాలు.

దగ్గు సిరప్ సంగతి విడిగా చెప్పాలి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా చిన్నపిల్లలు దగ్గు సిరప్ తాగి చనిపోయారు. అందులో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం ఉంది, కిడ్నీలు పాడైపోయాయి. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఇవ్వవద్దని అప్పుడే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. అంతా టీవీల్లో చూశాం. అయినా "పక్కింటి బాబుకు రాసిందే, కొంచెమే పట్టాం" అంటూ నెలల పిల్లల్ని తెస్తూనే ఉన్నారు. కల్తీ లేని సిరప్ అయినా ఈ వయసు పిల్లలకు మేలు చేయదు, మత్తు కమ్మి పాలు మానేస్తారు.

ఇంట్లో ఎవరు చెప్పాలి

నేను చూసిన తల్లులు చాలామందికి ఇదంతా తెలుసు. ఫోన్‌లో చదివారు, డిశ్చార్జ్ రోజు మేమూ చెప్పాం. తెలిసి కూడా నోరు మెదపలేకపోయారు. కాన్పయి పదిహేను రోజులు, కుట్లు ఇంకా లాగుతుంటాయి, నిద్ర లేదు, తనకు పథ్యం వండి పెడుతున్నది అమ్మ. ఆవిడ చేతిలోని గిన్నెను ఎలా ఆపుతుంది? అత్తగారింట్లో అయితే అసలే ఆపలేదు.

కాబట్టి తండ్రులకు చెబుతున్నాను. మీ అమ్మకు మీరే చెప్పండి, భార్యతో చెప్పించకండి. బిడ్డ పుట్టింట్లో ఉంటే అత్తగారికీ ఫోన్ చేసి చెప్పండి. బారసాలకు వెళ్లినప్పుడు చెప్పొచ్చులే అనుకోవద్దు, 21వ రోజుకు ముందే చాలా జరిగిపోతాయి. "నీకేం తెలుసు, పాతకాలం పద్ధతులు" అంటే ఎవరికైనా మనసు విరుగుతుంది, మీరు లేనప్పుడు చాటుగా వేస్తారు. ఇలా అని చూడండి: "అమ్మా, పాలు తప్ప ఏదీ వేయొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నాకు భయంగా ఉంది. మేం నిద్రలో ఉంటే ఎవరైనా వేస్తారేమో, నువ్వే దగ్గరుండి చూడు." కాపలా పని అప్పగిస్తే పెద్దవాళ్లను మించిన కాపలా లేదు. మా వార్డు నుంచి ఇంటికి వెళ్లిన అమ్మమ్మలే ఆ తర్వాత వాళ్ల వీధిలో నూనె మాన్పించారు.

నీళ్లు పోసే ఆవిడ వస్తుంటే మొదటి రోజే చెప్పండి. ఒంటికి నూనె రాసి మర్దన చేయడం మంచిదే, తప్పు లేదు. ముక్కులో వేలు పెట్టడం, చెవుల్లో నూనె పోయడం, నోటితో ముక్కులోకి ఊదడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం వద్దు. పక్కనే కూర్చోండి. స్నానం అయ్యేదాకా లేవకండి.

ఇక మిగతావి

సాంబ్రాణి పొగ వేయకండి. తల ఆరడానికి మెత్తని గుడ్డ చాలు. దోమల చక్రాలూ వద్దు, దోమతెర కట్టండి.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తల్లీ బిడ్డా నిద్రలోనే పోతారు.

కర్పూరం కలిపిన నూనె ఛాతీకి రాయకండి, కర్పూరంతో ఫిట్స్ రావచ్చు. బామ్‌లూ అంతే.

వెల్లకిలా పడుకోబెట్టండి. ఆవాల దిండు తీసేయండి. బొంత ముఖం మీదికి రాకూడదు.

సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపోకండి. తండ్రులూ, ఇది మీకే. కునుకు వస్తుంటే బిడ్డను తన పక్క మీద పడుకోబెట్టండి.

చీర ఉయ్యాలలో గడ్డం ఛాతీకి ఆనేలా ముడుచుకుపోతే గాలి ఆడదు. చూసే మనిషి లేనప్పుడు ఉయ్యాల వద్దు.

పుట్టిన పిల్లలకు, మగపిల్లలకైనా, రొమ్ములు కొంచెం ఉబ్బుతాయి. తల్లి హార్మోన్ల వల్ల. పిండకండి. పిండితే చీము పడుతుంది, కోసి తీయాల్సి వస్తుంది.

బొడ్డుకు ఏమీ రాయకండి. కంట్లో కాటుక పెట్టకండి.

ముర్రుపాలు పిండి పారబోయకండి.

పచ్చకామెర్లకు పసరు పోయించకండి, వాతలు పెట్టించకండి, ఎండలో పెట్టి తగ్గుతుందిలే అని ఎదురుచూడకండి. పుట్టిన రోజే పసుపు కనిపించినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా అప్పుడే బయల్దేరండి.

పారాసెటమాల్ చుక్కల మందు, సిరప్ ఒకటి కాదు. చుక్కల మందు 1 మి.లీ.లో సాధారణంగా 100 మి.గ్రా. ఉంటుంది. 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉండే సిరప్ కంటే అది నాలుగు రెట్లు ఘాటు. ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ప్రాణం మీదికి వస్తుంది. విటమిన్ డి చుక్కలూ 400, 800 యూనిట్లలో దొరుకుతాయి. సీసా మారితే కొలత మళ్లీ అడగండి.

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే ఇంట్లో మందు వేసి చూడకండి. ఆ రాత్రే ఆసుపత్రికి.

ఆశా కార్యకర్త ఇంటికి వస్తే గుమ్మంలోంచే పంపించేయకండి. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె రావాలి. బిడ్డను తూకం వేయించండి, ఊపిరి లెక్కపెట్టించండి.

మీరూ లెక్కపెట్టడం నేర్చుకోండి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు పొట్ట పైకి లేవడం నిండా ఒక నిమిషం లెక్కించండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ ఒకసారి లెక్కించండి. మళ్లీ అంతే వస్తే ఆసుపత్రికి.

డొక్కలు ఎగరేసినా, ఊపిరితో పాటు మూలిగినా, పాలు మానేసినా, లేపినా లేవకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేయండి. బైక్ మీద చలిగాలిలో తీసుకురాకండి. సర్కారు దవాఖానాలో ఏడాదిలోపు పిల్లలకు వైద్యం, మందులు, తీసుకెళ్లడం అన్నీ ఉచితం.

దారిలో నీళ్లు పట్టకండి. తేనె నాకించకండి. ఏదీ పట్టకండి.

బిడ్డకు ఇంట్లో ఏమేం వేశారో అన్నీ సంచిలో వేసుకుని రండి. సిరప్ సీసా, గ్రైప్ వాటర్ సీసా, వసకొమ్ము. ఆముదం సీసా కూడా తెచ్చి మా చేతికివ్వండి. మేం తిట్టం.