ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇంట్లోనే స్ప్రే పెయింట్: విజయవాడ, గుంటూరు వాతావరణంలో ఎలా?

గిటార్ రంగు మార్చాలనుకుంటే రంగు ఎంచుకునే ముందు నెల ఎంచుకోండి. మన దగ్గర ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. జూన్‌లో వానలు మొదలయ్యాక నవంబరు తుపాన్లు పోయేదాకా గాలిలో తేమ ఎక్కువ. ఆ రోజుల్లో ల్యాకర్ (థిన్నర్ ఆవిరైపోయి ఆరే రకం పెయింట్) కొడితే, థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పైభాగం చల్లబడి, గాలిలోని తేమ దాని మీద చేరి పూత పాలు పోసినట్టు తెల్లబడుతుంది. మే ఎండల్లో తుంపర చెక్కను తాకేలోపే సగం ఆరిపోయి గరుకుగా పడుతుంది. చలికాలంలో కూడా పొద్దుటి మంచు వదిలాక, పది నుంచి మూడు గంటల మధ్యే కొట్టండి. ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కొనుక్కోండి. అది 65 శాతం దాటితే ఆ రోజుకి డబ్బా ముట్టుకోవద్దు.

పాత రంగంతా గీకి చెక్క తేల్చాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. ఇప్పటి గిటార్లలో ఎక్కువ వాటికి ఫ్యాక్టరీలో వేసేది మందమైన పాలియెస్టర్ లేదా పాలియురేథేన్ పూత. మామూలు పెయింట్ రిమూవర్‌కి అది లొంగదు. హీట్ గన్ పెడితే చెక్క మాడుతుంది, పైన వెనీర్ (అతికించిన పలచటి చెక్క పొర) ఉంటే ఊడుతుంది. గట్టిగా పట్టుకుని ఉన్న పాత పూతే మంచి పునాది, దాని మెరుపు చంపితే చాలు.

విప్పేటప్పుడు వైరింగ్‌ని ఫోటోలు తీసుకోండి. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్‌లో పికప్‌లు (తీగల కింద ఉండి వాటి కదలికను పట్టే అయస్కాంత భాగాలు), నాబ్‌లు పిక్‌గార్డ్‌తో, అంటే ముందున్న ప్లాస్టిక్ పలకతో కలిసే వస్తాయి. జాక్ వైర్లు రెండు, వెనక స్ప్రింగుల దగ్గర గ్రౌండ్ వైరు ఒకటి, మామూలుగా ఈ మూడింటి సోల్డర్ తీస్తే సరిపోతుంది. నెక్ స్క్రూలు, బ్రిడ్జ్ స్క్రూలు వేరువేరు కవర్లలో పెట్టి పేర్లు రాయండి. నెక్ కింద చిన్న కాగితం ముక్క లాంటిది కనిపిస్తే పారేయకండి, నెక్ కోణం కోసం పెట్టిన షిమ్ అది. నెక్ పాకెట్‌ను (బాడీలో నెక్ కూర్చునే గుంటను) మాస్కింగ్ టేప్‌తో పూర్తిగా మూసేయండి. లోపల రంగు పేరుకుంటే నెక్ బిగుసుకుని, స్క్రూలు తిప్పేటప్పుడు అంచుల్లో పెయింట్ పగులుతుంది. ఆ టేప్ మీదే, నెక్ స్క్రూ రంధ్రాల్లోంచి ఒక చెక్క పట్టీ బిగిస్తే పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది.

తర్వాత తుడవడం. గిన్నెలు తోమే లిక్విడ్ కొద్దిగా కలిపిన నీళ్లలో బట్ట ముంచి, గట్టిగా పిండి బాడీ అంతా తుడవండి. ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడవండి. ఇక అక్కడి నుంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. తలకి రాసుకున్న నూనె చేతికంటి బాడీకి అంటితే, లేదా పాత పాలిష్‌లోని సిలికాన్ మిగిలితే, రంగు అక్కడ నిలవక చేపకళ్లలా గుంటలు పడతాయి. వాటి మీద ఎన్ని పూతలు కొట్టినా మూసుకోవు, ఆరనిచ్చి రుద్ది మళ్లీ శుభ్రం చేయాల్సిందే.

చెక్క ముక్కకి 320 నంబరు ఎమరీ కాగితం చుట్టి మెరుపు పోయేదాకా రుద్దండి. అంచుల దగ్గర చెయ్యి తేలిగ్గా ఉండాలి. పైపై గీతలకు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ పలచగా పెట్టండి. లోతైన సొట్టలకు కారు టింకరింగ్‌లో వాడే హార్డెనర్ కలిపే లప్పం మేలు. ఎన్‌సీ పుట్టీ మందంగా పెడితే ఆరాక కుంగుతుంది.

సామాను ఆటోనగర్ పెయింట్ షాపుల్లో దొరుకుతుంది. 400 మిల్లీలీటర్ల డబ్బాలైతే ప్రైమర్ ఒకటి, రంగు రెండు, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత) రెండు లెక్క వేసుకోండి. తెలుపు, పసుపు రంగులు కింద ఉన్నదాన్ని సరిగా కప్పవు కాబట్టి ఇంకోటి తీసుకోండి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కావడం ముఖ్యం. ఎనామెల్ మీద ల్యాకర్ కొడితే కింది పూత ఉబ్బి ముడతలు పడుతుంది. ముందుగా వేరే చెక్క ముక్క మీద మూడు పూతలూ వేసి చూడండి.

కొట్టే చోట గాలి ఆడాలి కానీ ఈదురుగాలి ఉండకూడదు. దగ్గర్లో స్టవ్, దీపం, అగరొత్తి ఏదీ వెలగకూడదు, పెయింట్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. రుమాలు గానీ ఎన్95 గానీ థిన్నర్ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. టూ-కే క్లియర్ (హార్డెనర్ కలిపి వాడే రకం) గట్టిగా ఉంటుంది, నిజమే, కానీ దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు ప్రమాదం. అది కావాలంటే స్ప్రే బూత్ (పెయింట్ కొట్టే ప్రత్యేక గది) ఉన్న కారు పెయింటర్‌కి అప్పగించడమే మంచిది.

డబ్బాలో గోళీ శబ్దం మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపండి. జానెడు కంటే కాస్త ఎక్కువ, అంటే 25 సెంటీమీటర్ల దూరం నుంచి, బాడీ బయట నొక్కడం మొదలుపెట్టి అవతలి అంచు దాటాక వదలండి. ప్రతి గీత ముందు గీతను సగం కప్పాలి. ముందు అంచులు, తర్వాత ముఖం. ప్రైమర్ రెండు మూడు పలచటి పూతలు వేసి ఒక రోజు ఆగి, 600 వాటర్ పేపర్‌తో (నీళ్లతో తడిపి రుద్దే ఎమరీ కాగితంతో) నునుపు చేయండి. స్క్రూ రంధ్రాల్లోకి మాత్రం నీళ్లు పోనివ్వకండి. చెక్క ఉబ్బి చుట్టూ పూత పగులుతుంది. రంగు పది పదిహేను నిమిషాల తేడాతో మూడు నాలుగు పూతలు. మెటాలిక్ రంగైతే దాన్ని రుద్దొద్దు, చారలు తేలతాయి. తర్వాత క్లియర్ ఆరేడు పూతలు, రోజుకి మూడుకి మించకుండా. మళ్లీ ఎంతసేపట్లో కొట్టొచ్చో డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ వ్యవధి తప్పితే ముడతలొస్తాయి.

రంగు కారితే తడి మీద వేలు పెట్టకండి. మర్నాడు చెక్క ముక్కకి చుట్టిన 400 కాగితంతో ఆ బొట్టునే చదును చేయండి. క్లియర్ తెల్లబడితే, తేమ తగ్గిన మధ్యాహ్నం అదే క్లియర్ పలచగా ఒకసారి కొడితే చాలాసార్లు పోతుంది. త్వరగా ఆరుతుందని డాబా మీద ఎండలో పెట్టొద్దు. పైపొర ముందు గట్టిపడి లోపలి థిన్నర్ బుడగలుగా లేస్తుంది.

ఇక నీడలో మూడు నాలుగు వారాలు వేలాడదీయండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెయింట్ వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు. పూర్తిగా ఆరాక 1000, 1500, 2000 వాటర్ పేపర్లు వరసగా వాడండి. 1000 దగ్గర మెరిసే చుక్కలు పోయేదాకా రుద్దితే ఉపరితలం సమమైనట్టు. అంచుల మీద క్లియర్ పలచగా ఉంటుంది, అక్కడ రెండు మూడు రుద్దులు చాలు. చివర్లో రబ్బింగ్ కాంపౌండ్, దాని మీద పాలిష్.

బిగించేముందు స్క్రూ రంధ్రాల అంచుల్లో పేరుకున్న పెయింట్‌ను కౌంటర్‌సింక్ బిట్‌తో చేత్తో తిప్పి తీసేయండి. స్క్రూ మరలకు కొంచెం సబ్బు రాయండి. గ్రౌండ్ వైరు మళ్లీ సోల్డర్ చేశాకే తీగలు ఎక్కించండి, లేకపోతే ఆంప్‌లో హమ్ వస్తుంది. మొదటి కొన్ని నెలలు రబ్బరు స్టాండ్ మీద పెట్టకండి. తప్పకపోతే రబ్బరుకి నూలు గుడ్డ చుట్టండి, ల్యాకర్‌కి రబ్బరు అతుక్కుని మచ్చ పడుతుంది.