లావు పైపు వేయించాక పోయిన పికప్ ఎలా తిరిగొచ్చిందంటే

నాది టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే పరికరం) లేని 1.2 లీటర్ పెట్రోల్ కారు. సైలెన్సర్ పైపు తుప్పు పట్టిందని రెండున్నర అంగుళాలది వేయించాను. మోత పెరిగింది, లాగడం తగ్గింది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరులో కూడా మూలుగే.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్: అన్నీ దండగ.

చివరికి ఇంట్లో పడున్న పాత పైపుని వెర్నియర్‌తో కొలిచాను. బయట 42 మిల్లీమీటర్లు, గోడ మందం తీసేస్తే లోపల 39. కొత్తదానికి లోపల 60. అంటే దారి వైశాల్యం రెండింతలకు పైనే! అంత వెడల్పులో పొగ వేగం పడిపోతుంది, తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు) సిలిండర్ సరిగా ఖాళీ అవదేమో అనిపించింది.

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. క్యాటలిటిక్ కన్వర్టర్‌ని (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) ముట్టుకోకుండా, దాని వెనక నుంచి కోయించి 45 మిల్లీమీటర్ల పైపు వెల్డింగ్ చేయించాను. వంపుల దగ్గర నొక్కుకుపోని పైపే కావాలని పట్టుబట్టాను (వెల్డర్ విసుక్కున్నాడు). అతుకుల మీద సబ్బు నీళ్లు పోసి, ఇంజిన్ వేడెక్కకముందే స్టార్ట్ చేసి బుడగలు చూశాం.

2,000 ఆర్‌పీఎం దగ్గర లాగుడు తిరిగొచ్చింది. అయితే అదే రోజు చిరిగిన గాస్కెట్ (అతుకుల మధ్య లీకు ఆపే పట్టీ) కూడా మార్చాం, కాబట్టి ఘనతంతా పైపుదే అనలేను. టర్బో కార్లకి ఈ లెక్క పనికిరాదు.