ఇంజంక్షన్ ఆర్డరు మీద అప్పీలు వేస్తే సరిపోదు, స్టే విడిగా అడగాలి

పలాస దగ్గర జీడితోట గట్టు తగాదా అనుకోండి. అవతలివాళ్లు జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో దావా వేసి, ఐ.ఎ.లో (దావా నడుస్తుండగా వేసే మధ్యంతర పిటిషను) తాత్కాలిక ఇంజంక్షన్, అంటే మీరు తోటలోకి వెళ్లకూడదనే ఉత్తర్వు, తెచ్చుకున్నారు. పిక్కలు రాలే కాలం దగ్గరపడింది. ఏం చేయాలి?

ముందు ఆర్డరు చదవండి. మీకు నోటీసు రాకుండానే ఇచ్చిందైతే అదే కోర్టులో సివిల్ ప్రొసీజర్ కోడ్ (కింద చెప్పే ఆర్డర్, రూల్, సెక్షన్ నంబర్లన్నీ ఈ చట్టంలోవే) ఆర్డర్ 39 రూల్ 4 కింద రద్దు పిటిషను వేయడం చవక, త్వరగానూ తేలుతుంది. రూల్ 3 ప్రకారం వాది తన పిటిషను, అఫిడవిట్, దావా, పత్రాల కాపీలు మీకు వెంటనే పంపాలి. పంపినట్టు ఆర్డరు వచ్చిన రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలి. చాలామంది వాదులు జారేది ఇక్కడే, కాబట్టి కోర్టు ఫైలు చూసి తెలుసుకోండి. ఆ ఐ.ఎ.ను 30 రోజుల్లో తేల్చాలని రూల్ 3ఎ చెబుతుంది. తేల్చకపోతే ఆ ఎక్స్‌పార్టీ ఆర్డరు (మీ మాట వినకుండా ఇచ్చింది) మీదే అప్పీలు వేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది.

ఇరుపక్షాలూ విన్నాక ఇచ్చిన ఆర్డరైతే ఆర్డర్ 43 రూల్ 1(ఆర్) కింద సి.ఎం.ఎ. (మధ్యంతర ఆర్డరు మీద వేసే సివిల్ అప్పీలు) వేయాలి. జూనియర్ సివిల్ జడ్జి ఆర్డరు మీద అప్పీలు జిల్లా దాటదు, గడువు 30 రోజులు. హైకోర్టుకి వెళ్లాల్సిన అప్పీలుకి 90 రోజులు.

ఆర్డరు చెప్పిన రోజే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషను పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. కాపీకి స్టాంపులు అడిగాక మీరు కట్టకుండా కూర్చున్న రోజులు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి. ఈ తేదీలన్నీ కాపీ మీద రాసి ఉంటాయి. అప్పీలు దాఖలు చేసేటప్పుడు వాటితోనే లెక్క కడతారు.

అప్పీలు దాఖలైతే కింది ఆర్డరు ఆగిపోదు. ఆర్డర్ 41 రూల్ 5 ఆ మాట స్పష్టంగా చెబుతుంది. సి.ఎం.ఎ.తో పాటు స్టే లేదా సస్పెన్షన్ (కింది ఆర్డరు అమలు ఆపడం) కోరుతూ వేరే ఐ.ఎ., అఫిడవిట్ పెట్టాలి. ‘నాకు తీరని నష్టం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే జడ్జి కదలరు. ఎన్ని చెట్లు, కోత ఎప్పుడు, స్వాధీనం ఎవరిది, అడంగల్‌లో ఎవరి పేరుంది, ఆలస్యమైతే ఎందుకైంది, ఇవన్నీ రాయండి. మరో సంగతి: కింది కోర్టు విచక్షణతో ఇచ్చిన ఆర్డరును, ఆధారాలు వదిలేసిందనో చట్టం తప్పిందనో చూపిస్తే తప్ప అప్పీలు కోర్టు సామాన్యంగా ముట్టుకోదు. కాబట్టి కింది కోర్టు వదిలేసిన పత్రాన్ని వేలు పెట్టి చూపించాలి. స్టే వచ్చేదాకా తోటలోకి వెళ్లకండి. వెళ్తే ఆర్డర్ 39 రూల్ 2ఎ కింద ఆస్తి జప్తుతోపాటు 3 నెలల దాకా సివిల్ జైలు కూడా ఉంది.

ప్లీడింగు (దావా, జవాబు పత్రాల) సవరణ, స్థలం చూసి రిపోర్టిచ్చే కమిషనరు నియామకం లాంటి ఆర్డర్ల మీద సి.ఎం.ఎ. లేదు. 2002 సవరణ తర్వాత సెక్షన్ 115 రివిజను (కింది కోర్టు ఆర్డరును హైకోర్టు సరిచూడటం) కూడా వీటికి ఇంచుమించు మూసుకుపోయింది. ఇక మిగిలింది రాజ్యాంగం ఆర్టికల్ 227 కింద అమరావతి హైకోర్టులో సి.ఆర్.పి. (సివిల్ రివిజన్ పిటిషను). దానిలోనూ స్టే విడిగానే అడగాలి. అంత ఖర్చు వద్దనుకుంటే, ఆ తప్పు తీర్పుని ప్రభావితం చేసిందంటూ తర్వాత డిక్రీ మీద అప్పీలులో లేవనెత్తడానికి సెక్షన్ 105 వీలిస్తుంది.

అదే వివాదం మీద అదే పార్టీల మధ్య రెండు దావాలుంటే, రెండోదాన్ని ఆపమనే సెక్షన్ 10 పిటిషను రెండో దావా ఉన్న కోర్టులో వేయాలి. మొదటి దావా టెక్కలిలో ఉందని అక్కడ వేసి నెలలు పోగొట్టుకుంటారు కొందరు. ఇది ఆపేది విచారణని మాత్రమే, ఇంజంక్షన్ పిటిషన్లు నడుస్తూనే ఉంటాయి.

‘ఆరు నెలలైంది, స్టే దానంతటదే పోయింది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. సుప్రీంకోర్టు 2018లో చెప్పిన ఆ మాటని 2024 ఫిబ్రవరి 29న ఆ కోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనమే కొట్టేసింది. స్టే ఎత్తేయాలంటే పిటిషను వేయాల్సిందే.

సి.ఎం.ఎ. నడుస్తున్నా కింది కోర్టు వాయిదాలకి వెళ్తూనే ఉండండి. విచారణ మీద స్టే లేకుండా మానేస్తే దావా ఎక్స్‌పార్టీ అయిపోతుంది. తర్వాత ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమనే ఆర్డర్ 9 రూల్ 13 పిటిషనుతో మళ్లీ మొదటికొస్తుంది.