కెయిరిన్ టికెట్ కొనే ముందు లైన్ చదవండి

కెయిరిన్ అంటే జపాన్‌లో డబ్బు కాసే ట్రాక్ సైకిల్ రేసు. ఈ పందేనికి కొత్తగా వచ్చినవాళ్లు రేస్ కార్డులో, అంటే రైడర్ల వివరాల పట్టికలో, ఎవరి పాయింట్లు ఎక్కువో చూసి, వాళ్ల మీదే డబ్బు పెట్టేస్తారు. పాయింట్లలో తప్పేమీ లేదు. కాకపోతే ఇది రైడర్లు ఎవరికి వారు తొక్కే ఆట కాదు. ఒకే ప్రాంతానికి చెందిన ఇద్దరో ముగ్గురో ఒకరి వెనక ఒకరు వరుస కడతారు. అదే లైన్. ఏ లైన్ ఎప్పుడు ముందుకొస్తుందో తేల్చుకోకుండా అంకెలు ఎంచుకోవడం లాటరీ ఆడటమే.

రైడర్లు ముందురోజే వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల మైదానం) చేరుకుని సైకిల్ తనిఖీ చేయించుకుంటారు. ఫోన్లు అప్పగించేసి, ఆ రేసుల రోజులన్నీ ముగిసేదాకా వసతిగృహం దాటరు. బయటివాళ్లతో కుమ్మక్కు కాకుండా ఇంత కట్టడి! అయినా రేపు ఎవరి వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కుతారో మాత్రం విలేకరులకు బాహాటంగా చెప్పేస్తారు. ఆ మాటలే మీకు అసలు ముడిసరుకు. వాటిని బట్టి రేస్ పత్రికలు వరుసలు అచ్చేస్తాయి. ఉదాహరణకు 4-2-8, 1-5-9, 3-7, ఒంటరిగా 6 అనుకుందాం.

4వ నంబరు గాలికి ఎదురు తొక్కుతాడు. అతని వెనకున్న 2వ నంబరును బన్‌తే అంటారు. లాభమంతా ఇతనిదే. గాలి తగలదు కాబట్టి కాళ్లలో సత్తువ మిగులుతుంది. అందుకు బదులుగా, బయటి నుంచి దూసుకొచ్చే ప్రత్యర్థులను ట్రాకు వాలు మీద కాస్త పైకి జరిగి నిలువరించాలి. హద్దు మీరి నెట్టితే అనర్హుడవుతాడు. 4 చివరిదాకా ముందు నిలిస్తే నిగే, ఆఖరి మలుపు దాటాక 2 అతన్ని దాటితే సాషి, వెనక లైన్ బయటి నుంచి ఒక్క ఊపున అందర్నీ దాటేస్తే మకురి. కార్డులో గత నాలుగు నెలల్లో ఎవరు ఏ పద్ధతిలో ఎన్నిసార్లు గెలిచారో, రెండో స్థానం తెచ్చుకున్నారో ఉంటుంది.

ఆ పక్కనే B అనే గడి ఉంటుంది. చివరి ల్యాప్‌లో అవతలి స్ట్రెయిట్‌ను, అంటే ముగింపు గీతకు ఎదురు వైపున్న తిన్నని భాగాన్ని, ఎన్నిసార్లు అందరికంటే ముందు దాటాడన్న లెక్క అది. మొదట ఈ గడే చూడండి. లైన్ నాయకుల్లో ఒక్కడికే B ఎక్కువుంటే అతను పెద్దగా పోటీ లేకుండా ముందుకెళ్తాడు, కాబట్టి ఆ లైన్ మీదే కాయాలి. ఇద్దరికి ఎక్కువుంటే ముందుస్థానం కోసం ఇద్దరూ చివరి ల్యాపులకు ముందు మోగే బెల్ నుంచే కొట్టుకుని అలసిపోతారు. అప్పుడు మూడో లైన్ మకురి వైపు చూడాలి. ఒకే రైడర్ వెనక స్థానం కోసం ఇద్దరు పోటీపడతామని ప్రకటిస్తే దాన్ని సెరి అంటారు. ఆ లైన్‌లో వెనకవాళ్లను నమ్ముకోకండి. గేర్ గడి గురించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు: నిష్పత్తి 4.00 లోపే ఉండాలన్న నియమం వచ్చాక మగవాళ్లలో చాలామంది 3.92, 3.93 దగ్గరే ఉంటున్నారు. పెడళ్ల దగ్గర 55 పళ్ల చైన్‌రింగ్‌కు వెనక చక్రంలో 14 పళ్ల కాగ్ పెడితే 3.93.

ఎక్కువ ట్రాకులు 400 మీటర్లవి, వాటిలో సాధారణంగా రేసు 2,025 మీటర్లు. రెండు ల్యాపులు మిగిలినప్పుడు ఎర్ర బోర్డు, ఒకటిన్నర మిగిలినప్పుడు బెల్. 333 మీటర్ల ట్రాకులో దాటడానికి చోటు తక్కువ, కాబట్టి ముందున్నవాడికి అనుకూలం. ఉత్సునోమియా, ఓమియా లాంటి 500 మీటర్ల ట్రాకుల్లో స్ట్రెయిట్ పొడవు, సాషి ఎక్కువ. అవతలి స్ట్రెయిట్‌లో ఎదురుగాలి ఉంటే ముందు తొక్కేవాడు త్వరగా డస్సిపోతాడు.

ఇక టికెట్. కనీసం 100 యెన్లు. మొదటి మూడు స్థానాలను వరుసక్రమంలో చెప్పే సాన్‌రెన్‌తాన్‌లో తొమ్మిది మందికి 504 కాంబినేషన్లు, మొదటి రెండింటిని క్రమంలో చెప్పే నిషాతాన్‌లో 72. మన ఉదాహరణలో 4 లైన్‌ను నమ్మితే నిషాతాన్‌లో 2-4, 4-2 రెండూ కొనండి, 200 యెన్లతో సరి. సాన్‌రెన్‌తాన్ కావాలంటే మొదట 2, రెండో స్థానానికి 4, 8, 1, మూడో స్థానానికి 4, 8, 1, 5 పెడితే 9 టికెట్లు, 900 యెన్లు. ఐదుగురిని బాక్స్ కడితే, అంటే వాళ్లతో వచ్చే అన్ని వరుసలూ కొంటే, 60 టికెట్లు, 6,000 యెన్లు. అందులో చవక కాంబినేషన్ తగిలితే గెలిచీ నష్టపోతారు. దీన్ని అక్కడివాళ్లు తోరిగామి అంటారు. అసలు టికెట్ల సొమ్ములో దాదాపు 25 శాతం ముందే కోత పడుతుందని మరవకండి.

గడులు నింపే మార్క్ కార్డులో వెలోడ్రోమ్, రేసు నంబరు, పందెం రకం, అంకెలు, మొత్తం నింపి, యంత్రంలో ముందు నగదు, తర్వాత కార్డు పెట్టాలి. తప్పులు జరిగేది రెండుచోట్ల. ఒకటి, వంద గడికి బదులు వెయ్యి గడి నింపడం. రెండోది, రైడర్ నంబరు రాయాల్సిన చోట వాకు (రైడర్లను కలిపిన గుంపు) గడి నింపడం. వాకులు ఆరే: తొమ్మిది మంది రేసులో 4, 5 నంబర్లు ఒకే వాకులో, 6, 7 ఒకదానిలో, 8, 9 ఒకదానిలో ఉంటాయి. రేసు చూసేటప్పుడు రంగులు గుర్తుంటే చాలు: 1 తెలుపు, 2 నలుపు, 3 ఎరుపు, 4 నీలం, 5 పసుపు, 6 ఆకుపచ్చ, 7 నారింజ, 8 గులాబీ, 9 ఊదా.

2012లో మొదలైన గర్ల్స్ కెయిరిన్‌కు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఏడుగురే, లైన్లు లేవు, ఎవరి బలం వాళ్లదే. పాయింట్లు చూసి కొనాల్సింది నిజానికి అక్కడే.

జపాన్‌లో 20 ఏళ్లు నిండనివాళ్లు టికెట్ కొనకూడదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఆన్‌లైన్‌లో కాద్దామనుకోకండి: తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. జపాన్‌లో ఉన్నవాళ్లు టికెట్‌ను మడవకుండా దాచుకోండి. మీరు ఎంచుకున్న రైడర్ రేసులో దిగకపోతే ఆ టికెట్ డబ్బు వాపసు ఇస్తారు. రేసులో పడిపోయినా, అనర్హుడైనా రాదు. గెలిచిన టికెట్‌కు గడువు 60 రోజులు.